ప్రొవాన్: సంతల మీద బతికిన ఊరు ఎలా వెలిగింది, ఎందుకు వెనకబడింది

పారిస్‌లోని గార్ ద లెస్త్ స్టేషన్లో లోకల్ రైలెక్కితే గంటన్నరలో ప్రొవాన్ చేరుకోవచ్చు. ఆ లైనుకు అదే ఆఖరి స్టేషను. ఊరి జనాభా 12 వేల దరిదాపు. అంత చిన్న ఊరికి ఉండాల్సిన దానికన్నా చాలా పెద్ద హంగులు అక్కడ కనిపిస్తాయి. కిలోమీటరుకు పైగా ఇప్పటికీ నిలబడి ఉన్న కోటగోడ, కొండ మీద ఎనిమిది పలకల బురుజు, కట్టడం మధ్యలో ఆగిపోయిన పెద్ద చర్చి, పాత ఇళ్ళ కింద రాతి కమానులతో కట్టిన నేలమాళిగలు. 2001లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ గొప్ప యుద్ధమేదో జరిగినందుకో, రాజధాని అయినందుకో కాదు. యూరప్ అంతటా పేరు మోగిన సంతలు జరిగిన ఊరు కావడం వల్ల.

12, 13 శతాబ్దాల్లో ఉత్తరాన ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం వైపు ప్రాంతం) నేతగాళ్ళ ఉన్ని బట్ట, దక్షిణాన ఇటలీ రేవుల్లో దిగిన మిరియాలు, పట్టు, అద్దకం రంగులు, పటిక కలుసుకున్నది ఇక్కడే. కచ్చితంగా చెప్పాలంటే ఇక్కడా, దీనికి తోడున్న మరో మూడు ఊళ్ళలోనూ. ఈ ఊళ్ళున్న ప్రాంతం పేరు షాంపేన్, అందుకే వీటిని కలిపి షాంపేన్ సంతలు అంటారు. షాంపేన్ అనగానే సీసాలో బుసబుసలాడే వైన్ గుర్తొస్తుంది గానీ, ఆ వైన్‌కూ ఈ సంతలకూ సంబంధం లేదు. అది ఇంకా చాలా శతాబ్దాల తర్వాతి మాట.

ఇలాంటి ఊరి గురించి ఎవరైనా టకీమని చెప్పే కారణం ఒకటుంది: ఇటలీకీ ఫ్లాండర్స్‌కీ సరిగ్గా మధ్యలో ఉంది కాబట్టి వ్యాపారం వచ్చింది, తర్వాత ఓడల దారి పడింది కాబట్టి పోయింది. పాఠ్యపుస్తకంలో రాయడానికి బాగుంటుంది. కానీ మ్యాపు తీసి చూస్తే ఈ వాదన సగమే నిలుస్తుంది. ఆ మధ్యలో ఉన్న ఊళ్ళు బోలెడు. ఆర్చిబిషప్ కొలువున్న రాన్స్ ఉంది. దక్షిణాన దిజోన్, లియోన్ ఉన్నాయి. ప్రొవాన్‌కు పెద్ద పడవలు నడిచే నది కూడా లేదు. వూల్జీ, ద్యుర్తాన్ అనే రెండు చిన్న ఏర్లు మాత్రం పారతాయి. అవి ఉన్ని ఉతకడానికి, తోళ్ళు నానబెట్టడానికి పనికొచ్చాయి తప్ప సరుకు మోయడానికి కాదు. సరుకంతా బండ్ల మీద, గాడిదల మీద రావాల్సిందే. అంత కష్టపడి ఇక్కడికే ఎందుకు వచ్చినట్టు?

దీనికి జవాబు చెప్పే సంఘటన ఒకటి 1148 ప్రాంతంలో జరిగింది. వెజెలే ఊరి నుంచి నాణేలు మార్చే వ్యాపారులు కొందరు ప్రొవాన్ సంతకు బయల్దేరారు. దారిలో, సాన్స్ ప్రభువు కొడుకు గారాన్ వాళ్ళను ఆపి దోచుకున్నాడు. ఆ దారి షాంపేన్‌ను ఏలే ప్రభువు, అంటే కౌంట్‌ది కాదు, ఫ్రాన్స్ రాజుది. రాజు ఏడో లూయీ అప్పుడు క్రూసేడ్‌కు, అంటే తూర్పున క్రైస్తవుల మతయుద్ధానికి, వెళ్ళి దేశంలో లేడు. రాజ్యభారం సూజేర్ అనే మఠాధిపతి చేతిలో ఉంది. షాంపేన్ కౌంట్ రెండో తిబో ఊరుకోలేదు. సూజేర్‌కు ఘాటుగా ఉత్తరం రాశాడు. పోయిన సొమ్ము వ్యాపారులకు తిరిగి ఇప్పించాలనీ, దీన్ని వదిలేస్తే తన సంతలు నాశనమవుతాయనీ, అలా కానివ్వననీ దాని సారాంశం.

ఇక్కడ ఆగి చూడాలి. దోపిడీకి గురైనవాళ్ళు తిబో మనుషులు కారు. దోచుకున్నవాడు అతని కింద ఉన్నవాడు కాదు. జరిగిన చోటు అతని నేల కాదు. అయినా ఆ గొడవను ఆయన తన నెత్తిన వేసుకున్నాడు. నా సంతకు వచ్చేవాడు ఇల్లు వదిలిన క్షణం నుంచీ నా పూచీ మీద ఉన్నాడు అనే మాట అది. ఆ కాలంలో రోడ్డు పక్కన కోట ఉన్న ప్రతివాడూ దారిన పోయేవాడి దగ్గర ఎంతో కొంత గుంజే రకమే. అలాంటి చోట ఒక ప్రభువు ఇంత పట్టుదలగా వ్యాపారి వెనక నిలబడితే, వ్యాపారి రెండు రోజులు ఎక్కువైనా ఆ దారే పడతాడు.

తిబోకు వ్యాపారుల మీద ప్రేమ ఏమీ లేదు, లెక్క ఉంది. షాంపేన్ కౌంట్లు రాజుతో సమానమైనవాళ్ళు కారు. పేరుకు ఫ్రాన్స్ రాజుకు సామంతులే. వాళ్ళ ఊళ్ళు ఒక్కచోట కుదురుగా లేవు, అక్కడొకటి ఇక్కడొకటి. పొలం శిస్తు మీద రాబడి పెద్దగా పెంచుకునే వీల్లేదు. సంత పెడితే మాత్రం కొట్టుకు అద్దె, తూకానికి రుసుము, అమ్మకంపై సుంకం, తగువు తీర్చినందుకు జరిమానా, ఇలా నాలుగు వైపుల నుంచీ డబ్బు వస్తుంది. పైగా ఆ రాబడిలో వాటాలను కౌంట్లు చర్చిలకు, మఠాలకు, తమ సైనిక ప్రభువులకు రాసిచ్చారు. దాంతో సంత బాగుంటేనే తమ వాటా అందుతుందని చుట్టుపక్కల పలుకుబడి ఉన్నవాళ్ళందరికీ తెలిసిపోయింది. సంతను చెడగొట్టాలనే సరదా ఎవరికీ లేకుండా పోయింది. తెలివైన ఏర్పాటు.

తిబో కొడుకు మొదటి ఆన్రీ (పాలన 1152 నుంచి 1181 వరకు) కాలంలో ఈ ఏర్పాటుకు ఒక పద్ధతి వచ్చింది. ఏడాదిలో ఆరు సంతలు, నాలుగు ఊళ్ళు. జనవరిలో లాన్యీ, ఈస్టర్ ముందు బార్-సుర్-ఓబ్, మేలో ప్రొవాన్, జూలైలో త్రువా, సెప్టెంబర్‌లో మళ్ళీ ప్రొవాన్, నవంబర్‌లో మళ్ళీ త్రువా. ఒక్కోటీ ఆరు వారాలకు అటూ ఇటూగా సాగేది. అంటే ఏడాది పొడవునా షాంపేన్‌లో ఏదో ఒక ఊళ్ళో సంత నడుస్తూనే ఉంటుంది. మే సంత ప్రొవాన్ కొండ మీది పై ఊళ్ళో, సెప్టెంబర్ సంత కింద ఊళ్ళో సెయింట్ ఆయుల్ మఠం చుట్టూ జరిగేవి. సంతలు జరిగే రోజుల్లో ఆ నేలమాళిగలన్నీ గోదాములే. మఠాలు కూడా తమ ఇళ్ళను వ్యాపారులకు అద్దెకిచ్చి బాగానే వెనకేసుకున్నాయి.

సంత అంటే మన ఊళ్ళో వారానికోసారి కూరగాయలు పరిచే అంగడి లాంటిది అనుకుంటే పొరపాటు. ఇది పూర్తిగా హోల్‌సేల్. రోజుల వారీగా క్రమం ఉండేది. మొదటి వారం సరుకు దింపుకోవడానికి, కొట్లు సర్దుకోవడానికి. తర్వాత పది రోజులు బట్ట అమ్మకం. ఆ గడువు తీరగానే సంత అధికారుల మనుషులు ‘హారె! హారె!’ అని కేకేస్తారు. ఇక బట్ట బేరం బంద్. ఆపైన తోళ్ళు, బొచ్చుతోళ్ళు. మిరియాలు, పటిక, రంగుల్లాంటి తూకం సరుకులకు వేరే లెక్క. అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం చివర్లో వస్తుంది. అప్పుడు బేరాలు ఉండవు, చెల్లింపులే. ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్నది నాణేలు మార్చేవాళ్ళ బల్లల దగ్గర తేల్చుకుంటారు. చాలా బాకీలు ఒకదానికొకటి చెల్లుకు చెల్లు అయిపోతాయి. మిగిలినదానికే నాణేలు చేతులు మారతాయి, లేదా ‘వచ్చే త్రువా సంతలో ఇస్తాను’ అని పత్రం రాసి సంత అధికారుల ముద్ర వేయిస్తారు.

అసలు కీలకం ఆ ముద్రలోనే ఉంది. 1170ల నుంచే రికార్డుల్లో సంత అధికారుల ప్రస్తావన కనిపిస్తుంది. వీళ్ళను నియమించేది కౌంట్. వీళ్ళ చేతికింద గుమాస్తాలు, నోటరీలు, బంట్రోతులు. ముద్ర పడ్డ పత్రం మీద డబ్బు ఎగ్గొడితే అది ఇద్దరు వ్యాపారుల మధ్య తగువుగా మిగలదు, సంత మీద చేసిన నేరమవుతుంది. ఎగ్గొట్టినవాడు ఏ ఇటలీకో పారిపోయినా, ఆ ఊరి పెద్దలకు సంత అధికారులు ఉత్తరం రాస్తారు: మీ మనిషి ఆస్తి అమ్మి బాకీ తీర్చండి. వాళ్ళు వినకపోతే ఆ ఊరి వ్యాపారులందరికీ సంతలో ప్రవేశం బంద్. ఒక్కడు చేసిన మోసానికి ఊరంతటికీ శిక్ష అన్నమాట. న్యాయమా కాదా అన్నది పక్కనబెడితే, దీని దెబ్బకు ఎవరి ఊరివాణ్ణి వాళ్ళే అదుపులో పెట్టుకోవాల్సి వచ్చింది.

ప్రొవాన్‌కు సొంత నాణెం కూడా ఉండేది. దాని పలుకుబడి ఎంతదంటే, 1180ల నుంచి రోమ్ నగర సెనేట్ దాన్ని చూసి అచ్చం అలాంటి నాణేలే ముద్రించుకుంది. పోపు ఊళ్ళో ప్రొవాన్ బొమ్మ! పక్కనున్న త్రువా ఊరి పేరు కూడా అలాగే మిగిలిపోయింది. అంతర్జాతీయ మార్కెట్లో బంగారం ధర చెప్పే ట్రాయ్ ఔన్సుకు ఆ పేరు ఆ ఊరి నుంచే వచ్చిందని చాలామంది నమ్మకం.

సియెనాకు చెందిన తొలొమెయి వ్యాపార కుటుంబం మనిషి 1260ల్లో త్రువా నుంచి ఇంటికి రాసిన ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో సరుకుల ధరలు, ఏ నాణేనికి ఏ నాణెం ఎంత పలుకుతోంది, ఏ రాజు ఎవరి మీదికి యుద్ధానికి వెళ్తున్నాడు అనే కబుర్లు కలగలిసి ఉంటాయి. అప్పటికే షాంపేన్‌లో బట్టల మూటల కన్నా అప్పుల పత్రాలే పెద్ద వ్యాపారమయ్యాయి. సరుకు రాకపోయినా ‘ప్రొవాన్ సంత నాటికి చెల్లిస్తాను’ అని ఇటలీలో కూర్చుని ఇద్దరు మనుషులు ఒప్పందం రాసుకునేవాళ్ళు. ఊరి పేరు ఒక గడువు తేదీగా మారిపోయింది.

ఇదంతా ఎవరు నడిపారు అన్నదానిపై ఆర్థికవేత్తల మధ్య పెద్ద వాదనే ఉంది. 1990లో పాల్ మిల్‌గ్రామ్, డగ్లస్ నార్త్, బ్యారీ వైన్‌గాస్ట్ ఒక వ్యాసంలో ఈ సంతలను ఉదాహరణగా తీసుకున్నారు. రాజ్యం దన్ను లేకపోయినా, ఎవడు మోసగాడో లెక్క పెట్టుకునే ప్రైవేటు న్యాయమూర్తులు ఉంటే వ్యాపారంలో నమ్మకం నిలుస్తుందని వాళ్ళు గణితంతో చూపించారు. నార్త్‌కు, మిల్‌గ్రామ్‌కు తర్వాత్తర్వాత నోబెల్ బహుమతులు వచ్చాయి, కాబట్టి ఆ వ్యాసానికి పలుకుబడి కూడా బాగానే దక్కింది. 2012లో జెరెమీ ఎడ్వర్డ్స్, షీలా ఓగిల్వీ దానికి గట్టి జవాబిచ్చారు. షాంపేన్ సంతల్లో తీర్పు చెప్పింది ప్రైవేటు న్యాయమూర్తులు కాదు, కౌంట్ జీతగాళ్ళు, చర్చి కోర్టులు, ఊరి కోర్టులు అని. ఊరంతటినీ వెలివేసే శిక్ష కూడా సంతలు బాగా స్థిరపడ్డాక వచ్చినదే తప్ప వాటికి పునాది కాదని.

నాకు రెండోవాళ్ళ వాదనే సబబుగా తోస్తుంది. తిబో రాసిన ఉత్తరం ఒక్కటి చాలు ఇక్కడ అధికారం ఎంత పనిచేసిందో తెలియడానికి. కాకపోతే వాళ్ళ మాటకు ఒకటి కలపాలి. అధికారం ఉండటం గొప్ప కాదు, అది ఎవరి పక్షమూ వహించకపోవడం గొప్ప. ఫ్లాండర్స్ వాడైనా, జెనోవా వాడైనా, యూదుడైనా, పత్రం మీద ముద్ర ఉంటే ఒకటే లెక్క. కౌంట్‌కు పెద్ద యుద్ధాలు చేసే తాహతు లేదు. అందరితో మంచిగా ఉంటేనే పూట గడిచే స్థితి. ప్రొవాన్ పడిపోయిన కథ కూడా ఇక్కడే మొదలవుతుంది.

1274లో కౌంట్ మూడో ఆన్రీ చనిపోయాడు. వారసురాలు జాన్, ఇంకా పాలుతాగే పసిపిల్ల. తల్లి బ్లాంచ్ ఇంగ్లండ్ రాజు తమ్ముడు ఎడ్మండ్‌ను పెళ్ళాడింది. జాన్ పెద్దయ్యేదాకా షాంపేన్ వ్యవహారాలు ఎడ్మండ్ చూశాడు. అతని హయాంలోనే, 1280 ప్రాంతంలో, ప్రొవాన్‌లో ఘోరం జరిగింది. ఊరి మీద పడ్డ పన్ను భారానికి సర్దుబాటుగా, నేత పనివాళ్ళు సాయంత్రం ఇంకో గంట ఎక్కువ పనిచేయాలని మేయర్ గియోమ్ పాంతెకోత్ తీర్మానించాడు. పని ముగిసిందని చెప్పే గంట ఆలస్యంగా మోగడం మొదలైంది. జనం తిరగబడి మేయర్‌ను చంపేశారు. శిక్ష కూడా తీవ్రంగానే పడింది. 1230లో అప్పటి కౌంట్ నాలుగో తిబో ఇచ్చిన స్వయంపాలన హక్కులు కొంతకాలం ఊరికి లేకుండా పోయాయి. ప్రొవాన్ అంటే సంత ఒక్కటే కాదని ఈ సంఘటన గుర్తుచేస్తుంది. అక్కడ వేలమంది నేత, అద్దకం, ఉన్ని ఉతుకుడు పనుల మీద బతికేవాళ్ళు. ఊరి కింది సొరంగాల్లో కొన్ని ఉన్ని జిడ్డు వదిలించే మట్టి కోసం తవ్వినవే.

1284లో జాన్‌కు ఫ్రాన్స్ యువరాజు ఫిలిప్‌తో పెళ్ళయింది. మరుసటి ఏడాదే అతను నాలుగో ఫిలిప్‌గా గద్దెనెక్కాడు. షాంపేన్ రాజకుటుంబం చేతిలోకి వచ్చింది. పైకి చూస్తే ఊరికి ఇంతకన్నా అదృష్టం ఉండదు. కౌంట్ పోయి రాజు వచ్చాడు, రక్షణ ఇంకా పెరగాలి కదా?

జరిగింది వేరు. రాజుకు సంతల రాబడి ఒక మూల వచ్చే చిల్లర. అతనికి యుద్ధాలున్నాయి, యుద్ధాలకు డబ్బు కావాలి. 1291లో దేశంలోని ఇటాలియన్ వ్యాపారులను అరెస్టు చేయించి డబ్బు కక్కించాడు. 1290ల మధ్య నుంచి నాణేల్లో వెండి తగ్గించడం మొదలుపెట్టాడు. పత్రంలో రాసిన మొత్తం విలువ గడువు నాటికి ఎంతుంటుందో ఎవరికీ తెలియని పరిస్థితి. 1297లో ఫ్లాండర్స్‌తో యుద్ధం వచ్చింది. 1302లో కోర్త్రే దగ్గర అతని గుర్రపు దళాన్ని ఫ్లాండర్స్ నేతగాళ్ళ కాల్బలం చిత్తుగా ఓడించింది. బట్ట తెచ్చేవాళ్ళే శత్రువులయ్యాక వాళ్ళ సరుకు మీద ఆంక్షలు, జప్తులు. 1306లో యూదులను దేశం నుంచి వెళ్ళగొట్టారు. 1307లో టెంప్లర్లను (క్రూసేడ్ల కోసం ఏర్పడ్డ యోధ సన్యాసుల సంఘం) పట్టుకున్నారు, వాళ్ళకు ప్రొవాన్‌లో కూడా ఇళ్ళున్నాయి. ఒక్కోదానికీ రాజు దగ్గర ఏదో కారణం ఉండే ఉంటుంది. సంతకు వెళ్దామా వద్దా అని ఆలోచించే వ్యాపారికి మాత్రం అర్థమైంది ఒకటే: ఆ ముద్ర ఇప్పుడు ఎవరి పక్షాన ఉందో చెప్పలేం.

మరి ఓడల సంగతి? అది అబద్ధం కాదు. 1277లో జెనోవా ఓడ జిబ్రాల్టర్ చుట్టి ఫ్లాండర్స్ రేవు చేరింది. వెనిస్ ఓడలు 14వ శతాబ్దం రెండో దశాబ్దంలో క్రమంగా రావడం మొదలైంది. అయితే తేదీలు గమనించండి. మొదటి ఓడలు అడపాదడపా వచ్చేవి, ఖర్చెక్కువ, దొంగల భయం వేరే. ఓడల రాకపోకలు కుదురుకునే నాటికే సంతల్లో సరుకుల వ్యాపారం సడలిపోయింది. ఓడ దారి ప్రొవాన్‌ను పడగొట్టలేదు. పడిపోతున్న ప్రొవాన్‌ను వదిలి వెళ్ళడానికి వ్యాపారులకు దారి చూపించింది, అంతే.

ఓడల కన్నా పెద్ద మార్పు వ్యాపారి బతుకులో వచ్చింది. బార్ది, పెరూజ్జీ లాంటి ఫ్లోరెన్స్ కంపెనీలు బ్రూజ్‌లో, పారిస్‌లో, లండన్‌లో తమ మనుషులనే శాశ్వతంగా కూర్చోబెట్టాయి. యజమాని ఫ్లోరెన్స్‌లో ఉండి ఉత్తరాలతోనే కొనుగోళ్ళు నడిపిస్తాడు. అలాంటప్పుడు ఏటా ఆల్ప్స్ కొండలు దాటి ప్రొవాన్ దాకా మూటలు మోసుకెళ్ళడం దేనికి? దానికి తోడు ఫ్లోరెన్స్ వాళ్ళు ఇంగ్లండ్ ఉన్ని తెప్పించుకుని బట్ట తామే నేయడం పెంచారు. గమ్మత్తేమిటంటే, పత్రం మీద, ఉత్తరం మీద నమ్మి డబ్బు కదిలించే అలవాటు ముదిరింది ఈ సంతల్లోనే. ఆ అలవాటు బాగా వంటబట్టాక సంతతోనే పని లేకుండా పోయింది. కౌంట్లు బతికి ఉన్నా ఈ దెబ్బ తప్పేది కాదనుకుంటాను. కాకపోతే ఇంత తొందరగా, ఇంత నిలువునా కూలేది కాదు. కౌంట్ ఉంటే బేరమాడి వ్యాపారులను ఏదో విధంగా నిలబెట్టుకునేవాడు.

ఆ తర్వాత కూడా అప్పుల చెల్లింపుల కేంద్రంగా సంతలు కొన్నేళ్ళు ఈడ్చాయి. 1320 నాటికి అదీ చాలావరకు పోయింది. 1349లో రాజు ఆరో ఫిలిప్ సంతల పాత హక్కులన్నీ తిరిగి ఇస్తూ పెద్ద ఆజ్ఞాపత్రం జారీ చేశాడు. అప్పటికి యూరప్‌లో ప్లేగు స్వైరవిహారం చేస్తోంది, ఇంగ్లండ్‌తో యుద్ధం నడుస్తోంది. ఎవరూ రాలేదు. వందేళ్ళ యుద్ధంలో 1432లో ప్రొవాన్ ఇంగ్లీషువాళ్ళ చేతిలో పడింది, ఏడాదిలో తిరిగి వచ్చింది. ఎనిమిది పలకల బురుజు చుట్టూ వాళ్ళు వేసిన రాతి మొలకట్టును ఊరివాళ్ళు ఇప్పటికీ ‘ఇంగ్లీషువాళ్ళ పాతే’ అని పిలుస్తారు. పాతే అంటే మాంసం కూరి కాల్చే ఒక రొట్టె.

కొండ మీది సెయింట్ కిరియాస్ చర్చిని 12వ శతాబ్దంలో మొదలుపెట్టారు. వెనకభాగం ఘనంగా కట్టి, ముందు హాలు రెండు అంకణాలకే ఆపేశారు. డబ్బు లేదు. ఇప్పుడు దాని మీద కనిపించే గుమ్మటం 1662 అగ్నిప్రమాదం తర్వాతిది. ఊరు పేదదై పోవడం వల్లే పాత ఇళ్ళను పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత ఎవరికీ లేక అవి మిగిలాయి. కలిసొచ్చిన ఊళ్ళలో మధ్యయుగపు వీధులు ఏనాడో చెరిగిపోయాయి. యునెస్కో మెచ్చుకున్నది దాన్నే.

సంతలు పోయాక శతాబ్దాల పాటు ఊరికి పేరు తెచ్చింది గులాబీ. ఎర్రటి రేకులను ఎండబెట్టి, మురబ్బా చేసి, మందుల దుకాణాలకు అమ్మేవాళ్ళు. కడుపు నొప్పికీ, కళ్ళ జబ్బులకూ వాడేవాళ్ళు. ఆ మొక్కను నాలుగో తిబో 1240లో క్రూసేడ్ నుంచి తెచ్చాడని ఊరి కథ. దాన్ని ఎడ్మండ్ తన చిహ్నం చేసుకోవడం వల్లే ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ రాజవంశానికి ఎర్ర గులాబీ వచ్చిందని ఇంకో కథ. రెండింటికీ గట్టి ఆధారాలు లేవు. గులాబీ జామ్ మాత్రం పై ఊళ్ళో ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. జూన్‌లో పాత సంతను తలపించే వేషాల పండగ చేస్తారు, పారిస్ నుంచి జనం రైళ్ళ నిండా వస్తారు. ఊరికి ఇప్పుడు ముఖ్యమైన ఆదాయాల్లో అదొకటి.